తొలి వంద కిలోమీటర్లకు ముందు

గత వేసవిలో ఒక ఆదివారం. జుహ్ర్ నమాజు చేసుకుని మసీదు నుంచి ఇంటికి చేరేసరికి వాకిట్లో ఒక సరుకుల ఆటో ఆగి ఉంది. వెనుక తొట్టిలో మా అబ్బాయి సైకిలు అడ్డంగా పడి ఉంది. డ్రైవరు మా వాడి భుజం కింద చేయి వేసి మెల్లగా కిందికి దింపుతున్నాడు. వాడి ముఖం కందిపోయి, పెదవులు ఎండిపోయి ఉన్నాయి. ‘శ్రీకాకుళంలో స్నేహితుని ఇంటికి వెళ్ళొస్తాను’ అని పొద్దున్న తల్లితో చెప్పి వెళ్ళినవాడు, నిజానికి ఇద్దరు మిత్రులతో కలిసి సైకిలు మీద విశాఖపట్నానికి బయలుదేరాడు. ఎనిమిది గంటల ఎండలో, ఒకే ఒక్క సీసా నీటితో, సరిగా ఏమీ తినకుండా భోగాపురం దాకా వెళ్ళాడు. అక్కడ కళ్ళు తిరిగి రోడ్డు పక్కన కూలబడిపోయాడు. అటుగా వస్తున్న ఆ ఆటో డ్రైవరు బండి ఆపి, వాడిని నీడన కూర్చోబెట్టి, మజ్జిగ తాగించి, ఎచ్చెర్లలోని మా ఇంటి దాకా తీసుకువచ్చాడు. డబ్బులివ్వబోతే, “నాకూ పిల్లలున్నారు బాబూ” అని చేయి అడ్డుపెట్టాడు. అల్లాహ్ ఆయనకు మేలు చేయుగాక!

నా భార్య ఆ పగలంతా ఒక్క మాట కూడా అనలేదు. ఆమె మౌనానికి కారణం నాకు తెలుసు. పదేళ్ళ క్రితం ఆమె తమ్ముడు ఇదే జాతీయ రహదారిపై మోటారు సైకిలు మీద వెళుతూ, చీకట్లో ఆగి ఉన్న లారీని ఢీకొని మరణించాడు. నాటి నుంచి ఆ రోడ్డు పేరెత్తితేనే ఆమె మనసు కలవరపడుతుంది.

రాత్రి ఇషా నమాజు తరువాత ఆమె కొడుకును దగ్గరకు పిలిచింది. “నువ్వు సైకిలు తొక్కినందుకు నాకు కోపం లేదు బేటా. నాతో అబద్ధం చెప్పి వెళ్ళావు. నీకేదైనా జరిగి ఉంటే నిన్ను ఏ దిక్కున వెతకాలో కూడా నాకు తెలిసేది కాదు” అంది. వాడు తలవంచుకుని క్షమాపణ చెప్పాడు. కాసేపటికి, “అయితే అమ్మీ, నేనిక ఎప్పటికీ వెళ్ళకూడదా?” అని అడిగాడు. ఆమె చాలాసేపు ఆలోచించి, “నువ్వు సిద్ధమయ్యావని నాకు నమ్మకం కలిగిన రోజున నేనే పంపుతాను” అంది.

ఆ నమ్మకం కలగడానికి మా ఇంట్లో ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలల్లో మేము నేర్చుకున్న విషయాలను, సైకిలుపై తొలిసారి దూరప్రయాణం చేయాలని ఉబలాటపడే యువకుల కోసం, వారి కోసం ఆందోళన చెందే తల్లిదండ్రుల కోసం ఇక్కడ పొందుపరుస్తున్నాను.

ముందు ఒంటెను కట్టాలి

ఒంటెను కట్టివేసి అల్లాహ్‌పై భారం మోపాలా, లేక వదిలేసి భారం మోపాలా అని ఒక వ్యక్తి అడిగినప్పుడు, ముందు కట్టి ఆ తరువాతే భారం మోపమని మహాప్రవక్త (స) ఉపదేశించిన సంఘటన మనందరికీ తెలిసిందే. తిర్మిజీ హదీసు గ్రంథంలో అది ఉంది. మన యువకులలో చాలామంది ఈ బోధను ప్రసంగాల్లో వింటారు. రోడ్డెక్కేటప్పుడు మాత్రం మరచిపోతారు. బ్రేకు సరిగా పడని సైకిలుపై ‘అల్లాహ్ ఉన్నాడు’ అంటూ బయలుదేరడం తవక్కుల్ అనిపించుకోదు. శరీరం మనకు అప్పగించబడిన అమానతు. దానిని జాగ్రత్తగా చూసుకోవడం కూడా విశ్వాసంలో భాగమే.

వాడి తొలి ప్రయత్నం ఎందుకు విఫలమైందో తండ్రీకొడుకులం కూర్చుని కాగితం మీద రాసుకున్నాం. ఎండాకాలం, ఆలస్యంగా బయలుదేరడం, సాధన లేకపోవడం, నీరూ ఆహారమూ చాలకపోవడం, ఎత్తు సరిపోని సీటు, పంచరు పడితే వేసుకోవడం తెలియకపోవడం, ఇంట్లో చెప్పకపోవడం. ఏడు తప్పులు తేలాయి. కాళ్ళలో బలం లేకపోవడం వాటిలో ఒక్కటి మాత్రమే. మిగిలినవన్నీ గడప దాటకముందే సరిదిద్దుకోదగినవి.

వంద కిలోమీటర్లు అంటే ఎంత?

ఎచ్చెర్ల నుంచి విశాఖపట్నానికి చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి మీదుగా సుమారు 100 కిలోమీటర్లు. బస్సులో రెండున్నర గంటల ప్రయాణం. కొత్తగా దూరం తొక్కేవారు గంటకు 15 నుంచి 18 కిలోమీటర్ల వేగంతో వెళితే ఆరు నుంచి ఏడు గంటలు పడుతుంది. విశ్రాంతి, ఆహారం, నమాజు సమయాలు కలిపితే ఎనిమిది, తొమ్మిది గంటలు అనుకోవాలి. ఈ లెక్క ముందే తెలిసి ఉంటే తొందరపాటు దానంతటదే తగ్గుతుంది.

దూరపు సైకిలు ప్రయాణం పరుగు పందెం కాదు. ఫ్రాన్సులో పుట్టి నేడు ప్రపంచమంతటా సాగుతున్న ‘బ్రెవే’ యాత్రల్లో కూడా మొదటి, రెండవ స్థానాలు ఉండవు. 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటల్లోగా, 300 కిలోమీటర్లను 20 గంటల్లోగా, 600 కిలోమీటర్లను 40 గంటల్లోగా ఎవరి సాయం వారే చేసుకుంటూ పూర్తి చేయాలి. అంతే నియమం. 1891లో మొదలైన పారిస్–బ్రెస్ట్–పారిస్ యాత్ర ఈ సంప్రదాయానికి మూలం. సుమారు 1200 కిలోమీటర్ల ఆ యాత్ర నేడు నాలుగేళ్ళకొకసారి జరుగుతుంది. మన తెలుగు నేలపై హైదరాబాద్ రాండోనియర్స్ వంటి బృందాలు ఇలాంటి యాత్రలు నిర్వహిస్తున్నాయి.

మన దేశంలో ఈ సాహసానికి శతాబ్దపు చరిత్ర ఉంది. 1923లో బొంబాయి నుంచి ఆరుగురు పార్సీ యువకులు సైకిళ్ళపై ప్రపంచయాత్రకు బయలుదేరారు. వారిలో ఆది హకీం, జాల్ బాపసోలా, రుస్తుం భుంగారా అనే ముగ్గురు యాత్ర పూర్తిచేసి 1928లో తిరిగి వచ్చారు. మిగిలిన ముగ్గురు వేర్వేరు చోట్ల ఆగిపోయారు. అయినా వారి ప్రయత్నాన్ని ఎవరూ తక్కువ చేసి చూడలేదు. ఆగిపోవడం కూడా ప్రయాణంలో ఒక భాగమేనని మా అబ్బాయికి ఆ రోజు చెప్పాను. ఆ మాట తరువాత ఎంతగా ఉపయోగపడుతుందో అప్పుడు నాకు తెలియదు.

సైకిలును తెలుసుకోవడం

తొలి వంద కిలోమీటర్లకు ఖరీదైన సైకిలు అవసరం లేదు. గేర్లు ఉంటే ఎత్తు రోడ్లపై, ఎదురుగాలిలో సుఖంగా ఉంటుంది. లేకున్నా సాధ్యమే. మా తాతల కాలంలో గుడ్డల మూటలు కట్టుకుని ఊరూరా తిరిగిన వర్తకులకు గేర్లున్న సైకిళ్ళు ఎక్కడివి? ముఖ్యమైనది సైకిలు మన శరీరానికి సరిపోవడం.

సీటు ఎత్తును సరిచూసుకోవడానికి తేలికైన పద్ధతి ఒకటి ఉంది. గోడను ఆనుకుని సీటుపై కూర్చుని, పెడలు పూర్తిగా కిందికి వచ్చినప్పుడు దానిపై మడమను ఆనించాలి. అప్పుడు కాలు తిన్నగా చాచుకోవాలి. పాదం ముందు భాగంతో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. సీటు మరీ కిందికి ఉంటే మోకాలి ముందు భాగం నొప్పి పెడుతుంది. మా వాడి సీటు మూడు వేళ్ళ మందం కిందికి ఉంది. దానిని పైకి లేపిన తరువాత ఏళ్ళ తరబడి ఉన్న మోకాలి నొప్పి వారంలో తగ్గిపోయింది.

టైరులో ఎంత గాలి ఉండాలో టైరు పక్క భాగంలోనే అచ్చువేసి ఉంటుంది. గాలి తక్కువైతే శ్రమ పెరుగుతుంది, పంచర్లూ పెరుగుతాయి. బ్రేకు కట్టలు అరిగాయా, చక్రాల చువ్వలు వదులయ్యాయా, చైనుకు నూనె ఉందా అన్నవి చూసుకోవాలి. చైనుకు నూనె వేసిన తరువాత పైన మిగిలినదాన్ని గుడ్డతో తుడిచేయాలి. లేకుంటే దుమ్ము పట్టి అదే చైనును అరగదీస్తుంది.

మా వీధి చివర సైకిళ్ళు బాగుచేసే పెద్దాయన మా వాడితో ఒక మాట అన్నాడు: “సైకిలు బాగుంటే సరిపోదు బాబూ. దారిలో ఏటయితే ఏం సేస్తావో అది ముందే నేర్సుకోవాల.” ఆయన దగ్గరే వాడు టైరు విప్పడం, ట్యూబు మార్చడం, ప్యాచ్ వేయడం నేర్చుకున్నాడు. వెనుక చక్రం విప్పి బిగించడం మొదట గంట పట్టింది. పదిసార్లు చేసిన తరువాత ఇరవై నిమిషాలకు వచ్చింది. ఇంటి వసారాలో ఇరవై నిమిషాలు పట్టే పని రోడ్డు మీద అరగంట పడుతుంది. ఇంట్లో చేతకానిది రోడ్డు మీద అసలే చేతకాదు.

వెంట ఉండవలసినవి కొద్దిపాటివే. రెండు ట్యూబులు, టైరు విప్పే పలకలు, చిన్న పంపు, ప్యాచులు, సొల్యూషన్, బోల్టులు బిగించే సాధనం. వీటితోపాటు రక్తవర్గం, ఇంటి ఫోను నంబరు రాసిన చీటీ. యాత్రకు వారం ముందు సైకిలుకు చివరి మరమ్మతులు చేయించాలి. ఆ తరువాత కొత్త సీటు, కొత్త బూట్లు వంటివేవీ మార్చకూడదు.

శరీరానికి సాధన

వర్షాలు తగ్గుముఖం పట్టిన తరువాత పన్నెండు వారాల సాధన మొదలైంది. వారంలో మూడు రోజులు ఫజ్ర్ నమాజు తరువాత గంటసేపు తొక్కడం, ఆదివారం ఒక దూరప్రయాణం, మిగిలిన రోజులు విశ్రాంతి. విశ్రాంతి రోజుల్లోనే కండరాలు బలపడతాయి. రోజూ తొక్కితే త్వరగా సిద్ధమవుతామన్నది అపోహ. దూరాన్ని వారానికి పదోవంతుకు మించి పెంచకపోవడం మంచిది. నాలుగు వారాలకొకసారి దూరం తగ్గించి శరీరానికి ఊరట ఇవ్వాలి.

ఎచ్చెర్లలో ఉన్నవారికి సాధన మార్గాలకు కొదవ లేదు. మొదటి వారాల్లో శ్రీకాకుళం వెళ్ళి రావడం, రానుపోను సుమారు 20 కిలోమీటర్లు. నాగావళి వంతెన దాటి, కుతుబ్‌షాహీల కాలపు జామియా మసీదులో రెండు రకాతుల నఫిల్ చేసుకుని తిరిగి వచ్చేవాడు. తరువాత చిలకపాలెం మీదుగా ఖద్దరుకు పేరుపొందిన పొందూరు. ఆ తరువాత మా మండలంలోనే సముద్రపు ఒడ్డున ఉన్న బుడగట్లపాలెం. చివరగా వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం. అక్కడికి వెళ్ళి వస్తే 70 కిలోమీటర్ల పైమాటే. వంద కిలోమీటర్లు లక్ష్యంగా ఉన్నవారు సాధనలో ఒకసారైనా 70, 75 కిలోమీటర్లు తొక్కగలిగితే చాలు. మిగిలిన దూరం ఓపికతో సాగిపోతుంది. యాత్రకు ముందు వారం మాత్రం సగానికి సగం తగ్గించాలి.

మరో మెలకువ ఉంది. బలంగా, నెమ్మదిగా తొక్కడం కంటే తేలికగా, వేగంగా తొక్కడం మోకాళ్ళకు మంచిది. నిమిషానికి 70, 80 సార్లు పెడలు తిరిగేలా గేరు ఎంచుకోవాలి. పక్కవారితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగినంత వేగమే దూరప్రయాణానికి సరైన వేగం. మాట తడబడుతోందంటే తగ్గించాలి.

చాలామంది చెప్పుకోవడానికి సిగ్గుపడే సమస్య సీటు ఒరుపు. ప్యాంటు కుట్లు ఒరుసుకుని చర్మం చిట్లిపోతుంది. మెత్త ఉన్న సైక్లింగు నిక్కరును లోపల ధరించి, దానిపై మోకాళ్ళు కప్పే వదులు ప్యాంటు వేసుకుంటే సతర్‌కూ లోటుండదు, నొప్పీ ఉండదు. ఒరుసుకునే చోట ముందుగానే వాజిలిన్ రాసుకోవాలి.

నలభై దాటినవారు, రక్తపోటు, మధుమేహం, గుండె జబ్బు, ఆయాసం ఉన్నవారు డాక్టరును సంప్రదించకుండా ఈ సాధన మొదలుపెట్టకూడదు. నేనూ వాడితో తొక్కాలనుకున్నాను. రక్తపోటు అదుపులోకి వచ్చేదాకా ఆగమన్నారు డాక్టరు. అందుకే తొలి దూర సాధనల్లో స్కూటరుపై వాడి వెనుక వెళ్ళాను.

నీరు, ఆహారం, ఎండ

మన తీరప్రాంతపు ఎండ ప్రత్యేకమైనది. గాలిలో తేమ ఎక్కువ కనుక చెమట ఆరదు. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది. అందువల్ల ఉష్ణోగ్రత మరీ ఎక్కువ లేకపోయినా ఇక్కడ వడదెబ్బ ప్రమాదం ఉంటుంది. తొలి దూరప్రయాణానికి డిసెంబరు, జనవరి నెలలు అనువైనవి.

దాహం వేసేదాకా ఆగకుండా గంటకు కనీసం అర లీటరు నీరు గుటకలు గుటకలుగా తాగుతుండాలి. ఎండలో ఇంకా ఎక్కువ కావాలి. ఉత్త నీరే తాగితే చెమటలో పోయిన ఉప్పు తిరిగి రాదు. ఒక సీసాలో ఓ.ఆర్.ఎస్. లేదా ఉప్పు, పంచదార కలిపిన నిమ్మరసం ఉంచుకోవాలి. ఆకలి వేయకముందే ముప్పావు గంటకొకసారి కొంచెం తినాలి. ఖర్జూరాలు, అరటిపండ్లు, పల్లీల చిక్కి మేలైనవి. జేబులో పట్టేవి, త్వరగా శక్తినిచ్చేవి, హలాలా కాదా అన్న సందేహానికి తావులేనివి. బయలుదేరే ముందు ఇడ్లీ లేదా చోడి అంబలి తేలికగా ఉంటుంది. బిర్యానీ గమ్యం చేరిన తరువాతే! సాధనలో అలవాటు లేని ఆహారాన్ని యాత్ర రోజున ముట్టకూడదు.

తల దిమ్ముగా ఉండడం, వాంతి వచ్చేలా ఉండడం, మాట తడబడడం, చెమట ఆగిపోవడం ప్రమాద సూచనలు. వెంటనే నీడకు చేరి, బట్టలు వదులు చేసి, తడిగుడ్డతో ఒళ్ళు తుడవాలి. మాట తేడా వస్తే ఆలోచించకుండా 108కి ఫోన్ చేయాలి. జాతీయ రహదారిపై సహాయానికి 1033 నంబరు కూడా ఉంది.

రహదారి మర్యాద

మా ఇంట్లో అసలు భయం రహదారి గురించే. అందుకే యాత్రకు ముందు నేనూ అబ్బాయీ ఒకరోజు స్కూటరుపై దారి పొడవునా వెళ్ళి వచ్చాం. చిలకపాలెం కూడలి, రణస్థలం, పరిశ్రమలున్న పైడిభీమవరం, భోగాపురం, గోస్తనీ నది ఒడ్డున తగరపువలస. ఎక్కడ సర్వీసు రోడ్డు ఉంది, ఎక్కడ అది ముగుస్తుంది, కంపెనీ బస్సులు ఏ వేళల్లో తిరుగుతాయి, మంచినీరు ఎక్కడ దొరుకుతుంది, మసీదు ఎక్కడుందని అన్నీ రాసుకున్నాం. తగరపువలస నుంచి ఆనందపురం, మధురవాడల మీదుగా వెళ్ళే పెద్ద రోడ్డుకు బదులు, భీమునిపట్నం వైపు మళ్ళి సముద్రపు ఒడ్డు రోడ్డున విశాఖ చేరడం మేలని నిర్ణయించాం. లారీల రద్దీ తక్కువ.

శీతాకాలంలో గాలి సాధారణంగా ఉత్తరం, ఈశాన్యం నుంచి వీస్తుంది. విశాఖ మనకు నైరుతి దిశలో ఉంది కనుక ఆ గాలి వీపున తట్టి ముందుకు నడుపుతుంది. తిరుగు ప్రయాణంలో అదే గాలి ఎదురు నిలుస్తుంది. అందుకే తొలిసారి ఒకవైపు మాత్రమే తొక్కి, రాకడకు వాహనం ఏర్పాటు చేసుకోవడం తెలివైన పని.

రోడ్డుపై పాటించవలసిన నియమాలు కొన్ని ఉన్నాయి. తలకు హెల్మెట్, ఒంటిపై దూరానికి కనిపించే రంగు చొక్కా, సైకిలు వెనుక ఎర్రదీపం. పగలైనా ఆ దీపం వెలుగుతూ ఉండాలి. ఒకరి వెనుక ఒకరుగా వెళ్ళాలి. చెవుల్లో పాటలుండకూడదు. ఆగి ఉన్న లారీని దాటేటప్పుడు వెనక్కి చూసి, చేయి చాచి సైగ చేసి, ఆ తరువాతే పక్కకు మళ్ళాలి. ఎదురు దిశలో వచ్చే మోటారు సైకిళ్ళనూ, కోతల కాలంలో రోడ్డంచున ఆరబోసిన ధాన్యాన్నీ ముందే కనిపెట్టాలి. చీకట్లో, మంచులో రోడ్డెక్కనే కూడదు. చివరి నియమం మా ఇంట్లో తల్లి పెట్టినది. దానికి కారణం చెప్పవలసిన అవసరం ఎవరికీ లేదు.

నమాజు వేళలు

దూరప్రయాణంలో నమాజు సంగతి ఏమిటని వాడు మా ఇమామ్ సాబ్‌ను అడిగాడు. ఆయన వివరంగా చెప్పారు. మన ప్రాంతంలో అధికులు అనుసరించే హనఫీ మస్లక్ ప్రకారం 48 మైళ్ళు, అంటే సుమారు 77 కిలోమీటర్లు లేదా అంతకు మించిన దూరానికి సంకల్పించి బయలుదేరినవాడు షరీఅతు దృష్టిలో ముసాఫిర్ అవుతాడు. ఊరి పొలిమేర దాటిన తరువాత జుహ్ర్, అస్ర్, ఇషా ఫర్జ్ నమాజులను నాలుగుకు బదులు రెండు రకాతులు చేయాలి. ఫజ్ర్, మగ్రిబ్‌లలో మార్పు లేదు. స్థానిక ఇమాము వెనుక జమాఅతులో చేరితే మాత్రం పూర్తిగా నాలుగు చేయాలి. లెక్క వెళ్ళే దూరానికే గాని రానుపోను కలిపి కాదు. కాబట్టి కళింగపట్నం సాధనకు ఖస్ర్ వర్తించదు, విశాఖ యాత్రకు వర్తిస్తుంది.

ముగ్గురు ప్రయాణిస్తున్నప్పుడు ఒకరిని అమీరుగా ఎన్నుకోవాలన్న ప్రవక్త (స) బోధను కూడా ఆయన గుర్తుచేశారు. ముగ్గురు మిత్రులూ మా వాడినే అమీరుగా ఎన్నుకున్నారు. ఎక్కడ ఆగాలి, ఎప్పుడు వెనుదిరగాలి అన్నది అమీరు మాట. ముగ్గురిలో అందరికంటే నెమ్మదిగా తొక్కేవాని వేగమే బృందం వేగం. ఒక సీసా నీరు వుజూ కోసం వేరుగా, పలుచని జానమాజ్ ఒకటి సంచిలో సర్దుకున్నారు.

అమ్మాయిల మాట

ఈ సాధన చూసి మా చిన్నమ్మాయి కూడా సైకిలు నేర్చుకుంది. ఆడపిల్లలకు ఆరోగ్యం అక్కర్లేదని ఎవరన్నారు? దూరపు రహదారి మాట అలా ఉంచితే, ఊరి లోపలి నిశ్శబ్దపు రోడ్లపై తండ్రితోనో అన్నతోనో తొక్కడం మంచి వ్యాయామం. జాగ్రత్త ఒక్కటే. వదులుగా వేలాడే బురఖా అంచు, దుపట్టా చైనులోనో చక్రంలోనో చిక్కుకుంటే పెద్ద ప్రమాదం. చైనుకు పూర్తి మూత ఉన్న సైకిలు, మోకాళ్ళ కింది దాకా ఉండే పొడవు కుర్తా, చీలమండ దగ్గర బిగించిన సల్వారు, పిన్నులతో అమర్చుకున్న హిజాబు, దానిపై హెల్మెట్. ఇలా హుందాతనమూ క్షేమమూ రెండూ దక్కుతాయి.

వెనుదిరిగిన రోజు

డిసెంబరులో ఒక ఆదివారాన్ని యాత్రకు నిర్ణయించుకున్నాం. రణస్థలం, భోగాపురం, తగరపువలస, భీమునిపట్నం చేరగానే తల్లికి ఫోన్ చేయాలన్నది ఒప్పందం. ఫజ్ర్ నమాజు చేసి, ప్రయాణ దుఆ చదువుకుని, వెలుగు వచ్చిన తరువాత ముగ్గురూ బయలుదేరారు. నా భార్య గుమ్మంలో నిలబడి వాళ్ళు మలుపు తిరిగే దాకా చూసింది. ఆ తరువాత ముసల్లా పరచుకుని కూర్చుంది.

రణస్థలం నుంచి రావలసిన ఫోను చాలాసేపటికి వచ్చింది. ఫోను ఆమె చేతిలోనే ఉంది. “అమ్మీ, చిలకపాలెం దాటాక మంచు బాగా కమ్మింది. తగ్గుతుందేమోనని టీ దుకాణంలో గంటకు పైగా ఆగాం. తగ్గిందని రణస్థలం దాకా వచ్చాం. ఇక్కడ మళ్ళీ దట్టంగా ఉంది, ముందు లారీ కనబడడం లేదు. ఇంకా ఆగితే ఎండలో తొక్కాలి, చీకటిపడేలోగా చేరలేం. మంచు తగ్గాక సర్వీసు రోడ్డున ఇంటికి వచ్చేస్తాం. మిగతా ఇద్దరికీ మనసు లేదు గాని ఒప్పించాను” అన్నాడు.

ఆమె ఫోను పెట్టేసి ఏడ్చింది. ఆ రహదారి పేరు విని ఆమె కన్నీరు పెట్టడం నేను చాలాసార్లు చూశాను. ఆ రోజుటి కన్నీరు వేరు. మధ్యాహ్నానికి ముగ్గురూ ముఖాలు వేలాడేసుకుని ఇల్లు చేరారు. వాళ్ళ కోసం దాచి ఉంచిన ఖర్జూరాల డబ్బా మూత తీసి ముందు పెట్టి, “వచ్చే ఆదివారానికి మళ్ళీ నింపుతాను” అంది. పక్కనే కూర్చున్న నాకు ఆ మాట అర్థం కావడానికి క్షణం పట్టింది. ఎనిమిది నెలలుగా మేము సీట్లూ, టైర్లూ, కిలోమీటర్లూ లెక్కపెట్టాం. ఆమె మాత్రం ఒక్కదాని కోసమే ఎదురుచూసింది. వెనుదిరగవలసిన చోట తన కొడుకు వెనుదిరగగలడా అని.

మరుసటి ఆదివారం ఆకాశం నిర్మలంగా ఉంది. నాలుగు ఫోన్లూ సమయానికి వచ్చాయి. తగరపువలసలో ఒక పంచరు పడింది, పాతిక నిమిషాల్లో వాళ్ళే వేసుకున్నారు. జుహ్ర్ అక్కడే చేశారు. అస్ర్ వేళకు విశాఖ సముద్రపు ఒడ్డు నుంచి ఐదో ఫోను వచ్చింది. రాత్రికి సైకిళ్ళను సరుకుల ఆటోలో ఎక్కించుకుని తిరిగి వచ్చారు. వేసవిలో మా వాడిని ఇంటికి చేర్చిన ఆ డ్రైవరునే వెతికి పట్టుకుని కిరాయికి కుదుర్చుకున్నాం. ఈసారి ఆయన డబ్బు తీసుకున్నాడు.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లలు దూరం వెళతామన్నప్పుడు వద్దనడం తేలిక. వద్దన్నంత మాత్రాన వాళ్ళు ఆగరు. కొందరు చెప్పకుండా వెళతారు. అది మరింత ప్రమాదం. ‘సిద్ధమైతే పంపుతాను’ అనండి. సిద్ధపడడంలో వారికి తోడుండండి. యువకులకు ఒక మనవి. తల్లి అనుమతి మీ దారికి అడ్డు కాదు. దానిని అడిగి తీసుకునే అర్హత సంపాదించుకోండి. సైకిలుకు గాలి కొట్టే ముందు ఇంట్లో నిజం చెప్పండి. అల్లాహ్ మన పిల్లల ప్రయాణాలన్నిటినీ క్షేమంగా గమ్యం చేర్చుగాక! ఆమీన్.